ఎలుక కాలేయంలో ఎవరి కొవ్వు?

కాలేయం ముక్కను మైనంలో పొదిగి, వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని పొరగా కోసి, గాజు పలక మీద పరిచి రెండు రంగులు అద్దుతారు. హెమటాక్సిలిన్ పట్టిన కణకేంద్రకాలు వంగపండు రంగులో తేలతాయి. ఇయోసిన్ తాగిన మిగతా కణమంతా గులాబీ అవుతుంది. కాలేయం బాగుంటే ఆ గులాబీ నేల అల్లిక చెడకుండా ఉంటుంది. ఫ్యాటీ లివర్ అయితే దాని నిండా తెల్లని సున్నాలు కనిపిస్తాయి. చూడగానే కొవ్వు అనుకుంటాం గానీ అవి ఖాళీలు. ముక్కను మైనంలోకి ఎక్కించే ముందు ఆల్కహాల్‌లోనూ జైలీన్‌లోనూ ముంచినప్పుడే కొవ్వంతా కరిగిపోయింది, అది కూర్చున్న చోటు మాత్రం మిగిలింది. కొవ్వునే కళ్లారా చూడాలంటే ముక్కను గడ్డకట్టించి కోసి ఆయిల్ రెడ్ ఓ అనే రంగు వేయాలి, అప్పుడు ఎర్రని బొట్లుగా పైకి తేలుతుంది. నూటికి అయిదుకు మించిన కణాల్లో ఈ సున్నాలుంటే దాన్ని ఫ్యాటీ లివర్ అంటారు. లెక్క తేలికే. చిక్కల్లా ఏమిటంటే, కొవ్వు ఏ దారిన వచ్చి అక్కడ కూర్చుందో సున్నా చెప్పదు. ఆకలితో మాడిన పిల్లవాడి కాలేయంలోనూ, తిండి ఎక్కువైన ఉద్యోగి కాలేయంలోనూ, ఒక పోషకం లోపించిన చిట్టెలుక కాలేయంలోనూ అదే సున్నా. తిండి వల్ల వచ్చే కాలేయ జబ్బును జంతువుల్లో పరిశీలించే శాస్త్రం కొన్ని దశాబ్దాలుగా ఎదుర్కొంటున్న ఇబ్బందికి మూలం ఇక్కడే ఉంది. నమూనా జంతువును స్లైడు పోలికను బట్టి కాకుండా, ఆ స్లైడుకు దారితీసిన కారణాన్ని బట్టి ఎంచుకోవాలన్నది నా వాదన. దాన్ని పరీక్షకు పెట్టడానికి హైదరాబాద్‌లో తార్నాక కన్నా తగిన చోటు లేదు.

తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. జనం నోట ఎన్ఐఎన్. దానికి సొంతంగా ప్రయోగ జంతువుల కేంద్రం ఉంది, ఆ కేంద్రంలో తరతరాలుగా కాపాడుకొస్తున్న ఎలుకల వంశాలున్నాయి. ముందున్న మెట్రో నీలి గీత ఎక్కి చివరిదాకా వెళ్తే హైటెక్ సిటీ, రాయదుర్గం వస్తాయి. ఆ కొసన కుర్చీల్లో కూర్చుని పనిచేసే 345 మంది ఐటీ ఉద్యోగులను హైదరాబాద్ పరిశోధకులు పరీక్షించి, 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుందని 2025లో ప్రచురించారు. వాళ్లలో 71 శాతం మంది ఊబకాయులు. సంఖ్య భయపెట్టేదే, పార్లమెంటులో కూడా ప్రస్తావనకు వచ్చింది. అయితే ఒకే వృత్తికి చెందిన 345 మందిని చూసి నగరమంతటికీ అదే శాతం అంటగట్టకూడదు. ఆ జాగ్రత్త తీసుకున్నా మిగిలేది చిన్న విషయం కాదు. మందు ముట్టనివాళ్లు స్కానింగ్ కాగితం పట్టుకుని ‘నేను తాగను కదండీ, నాకెందుకొచ్చింది’ అని అడగడం ఇప్పుడు ఏ క్లినిక్‌లోనైనా వినిపించేదే. 1980లో మేయో క్లినిక్ వైద్యుడు లుడ్విగ్, ఆయన సహచరులు ఈ జబ్బుకు ‘మద్యంతో సంబంధం లేని’ అన్న మాట తగిలించి పేరు పెట్టారు. జబ్బు ఏది కాదో చెప్పే పేరు అది. 2023లో దాన్ని మార్చి, జీవక్రియ లోపంతో ముడిపడిన జబ్బు అన్నారు. పేరు పెట్టడంలో కూడా వైద్యం స్లైడు వదిలి కారణం వైపు తిరగడానికి నలభై మూడేళ్లు పట్టిందన్నమాట.

కారణం అంటే ఏమిటో విప్పి చూడాలి. కాలేయ కణంలోకి కొవ్వు మూడు దారుల్లో చేరుతుంది. పొట్టలోనూ చర్మం కిందా దాచుకున్న కొవ్వు కరిగి రక్తంలో కొట్టుకొచ్చి చేరడం ఒకటి. తిన్న తిండిలోని నూనె, నెయ్యి నేరుగా రావడం రెండోది. తిన్న పిండి పదార్థాన్నీ చక్కెరనీ కాలేయమే కొవ్వుగా మార్చుకోవడం మూడోది. బయటికి పోయే దారులు రెండే: కణంలోనే మండిపోవడం, లేదా ప్రొటీన్ సంచుల్లో సర్దుకుని రక్తంలోకి ఎగుమతి కావడం. రాబడి పెరిగినా పోకడ తగ్గినా నిల్వ పేరుకుంటుంది. ఫ్యాటీ లివర్ ఉన్న రోగులకు గుర్తులు తగిలించిన అణువులు ఇచ్చి, వాళ్ల కాలేయంలో కొవ్వు ఎక్కడిదో 2005లో అమెరికాలో లెక్క తీశారు. సుమారు 59 శాతం ఒంట్లోని నిల్వ కొవ్వు నుంచి, 26 శాతం కాలేయం స్వయంగా తయారుచేసుకున్నది, తిండిలోని కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతమే. నూనె తగ్గించండి అనే సలహా తప్పేమీ కాదు గానీ, అదొక్కటే చాలనుకునేవాళ్లు ఆ 26 శాతాన్ని రెండుసార్లు చదవాలి. పిండి, చక్కెరల నుంచి పుట్టే ఆ వాటా ఆరోగ్యవంతుల్లో చాలా తక్కువ. జబ్బులో అది ఉబ్బుతుంది. ఫ్రక్టోజ్ అయితే మరీ సులువుగా ఆ దారి పడుతుంది. గ్లూకోజ్‌ను ఆపి తనిఖీ చేసే ఎంజైమ్ గేటు దానికి అడ్డం రాదు, పక్క సందులోంచి లోపలికి దూరిపోతుంది.

దారులు ఇన్నున్నాయి కాబట్టే ఒకే సున్నా వెనక వేరు వేరు కథలుంటాయి. వీటిలో పాత కథ తార్నాక సంస్థకు బాగా తెలిసిందే. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి మీద మొదలుపెట్టిన చిన్న పరిశోధనే ఈ సంస్థకు విత్తనం. 1958లో అది హైదరాబాద్‌కు తరలింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఆ దశాబ్దాల్లో సి. గోపాలన్, ఆయన సహచరులు పట్టించుకున్న పెద్ద సమస్య పిల్లల్లో క్వాషియార్కర్. కాళ్లు వాచి, జుట్టు రంగు మారి, తిండి అందక వచ్చే ఆ జబ్బులో కాలేయం కొవ్వుతో నిండిపోతుంది. కొవ్వును బయటికి మోసే సంచులు కట్టడానికి కావలసిన ప్రొటీన్ చాలక, తయారైన సరుకు గోదాములోనే ఉండిపోవడం దీనికి చెబుతూ వచ్చిన వివరణ. ఒళ్లు ఎండిపోయే మరాస్మస్ జబ్బులో కాలేయం సాధారణంగా అలా కాదు. తమాషా ఏమిటంటే, ఒక పిల్లవాడికి క్వాషియార్కర్, ఇంకొకడికి మరాస్మస్ వచ్చిన చోట వాళ్ల తిండిని పోల్చి చూసి, రెండింటికీ తేడా కనిపించలేదని 1960ల చివర్లో గోపాలన్ వాదించారు. తిండి ఒకటే అయినా ఒంటి స్పందన వేరు అన్నది ఆయన మాట. కాలేయం కొవ్వెక్కడం అంటే బలిసినవాళ్ల జబ్బు అని స్థిరపడిన మన ఊహకు, మన ఊళ్లోనే పుట్టిన ఎదురు సాక్ష్యం ఇది.

కాలేయానికి బలవంతంగా కొవ్వెక్కించడం మనిషికి కొత్త విద్య కాదు. రోమన్లు పెద్దబాతులకు అంజూరపండ్లు కూరి పెట్టి వాటి కాలేయాన్ని ఉబ్బించి తినేవారు. లాటిన్‌లో ‘అంజూరం కూరిన’ అన్న విశేషణమే మిగిలి, ఇటాలియన్‌లో, స్పానిష్‌లో, ఫ్రెంచిలో కాలేయానికి పేరైపోయింది. ప్రయోగశాల విద్య మాత్రం ఇరవయ్యో శతాబ్దిది. క్లోమం తీసేసిన కుక్కలను ఇన్సులిన్‌తో బతికిస్తే వాటి కాలేయాలు కొవ్వెక్కేవి. లెసిథిన్ పెడితే తగ్గేవి. అందులో పనిచేసేది కోలీన్ అని ఇన్సులిన్ కనుగొన్నవారిలో ఒకరైన చార్లెస్ బెస్ట్ బృందం 1930ల్లో తేల్చింది. కొవ్వు సంచుల పొర కట్టడానికి కోలీన్ కావాలి, అది లేకపోతే ఎగుమతి ఆగిపోతుంది. దీన్నే తిరగేసి, కోలీన్‌నీ మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్నీ తీసేసిన మేతతో చిట్టెలుకలకు ఫ్యాటీ లివర్ తెప్పించడం తర్వాతి పరిశోధకులకు అలవాటైంది. కొద్ది వారాల్లోనే కొవ్వు, వాపు, మచ్చకట్టడం అన్నీ స్లైడు మీద ప్రత్యక్షమవుతాయి. ప్రచురణకు ఇంతకన్నా అనువైనది ఏముంటుంది? కానీ ఆ చిట్టెలుకను తక్కెడలో పెట్టి చూడండి. బరువు పెరగదు సరికదా చిక్కిపోతుంది. రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది, చక్కెర పెరగదు. ఐటీ ఉద్యోగికి ఉన్న బొజ్జ, ఇన్సులిన్‌కు లొంగని కండరాలు, ఎక్కువైన చక్కెర, వీటిలో ఒక్కటీ దీనికి లేదు. కారణం ప్రకారం ఇది క్వాషియార్కర్ పిల్లవాడికి చుట్టం, రాయదుర్గం ఉద్యోగికి కాదు. వాపు, మచ్చ ఎలా పుడతాయో చూడటానికి పనికొస్తుంది. తిండి ఎక్కువై వచ్చే జబ్బుకు మందు దీని మీద పరీక్షించి ‘పనిచేసింది’ అంటే, పని చేసింది వేరే జబ్బు మీద.

నమూనా మేతల్లో రెండో కుటుంబం కొవ్వు మేత. ప్రపంచమంతా వాడే ఒక గుళికను తీసుకుందాం: శక్తిలో 60 శాతం కొవ్వు నుంచి, 20 శాతం ప్రొటీన్ నుంచి, 20 శాతం పిండి, చక్కెరల నుంచి. కొవ్వులో సింహభాగం పందికొవ్వు. వేళ్ల మధ్య నలిపితే మెత్తగా జిడ్డుగా ఉంటుంది, మామూలు గుళికలా కరకరలాడదు. ఎలుకల జాతికి కొరకడానికి గట్టి వస్తువు లేకపోతే పళ్లు పెరిగిపోతాయి గనుక అదొక అదనపు చికాకు. దీనితో చిట్టెలుక బలుస్తుంది, ఇన్సులిన్‌కు మొండికేస్తుంది, కాలేయం కొవ్వెక్కుతుంది. మచ్చ మాత్రం నెలలు గడిచినా పెద్దగా కట్టదు. అందుకని కొలెస్ట్రాల్, ఫ్రక్టోజ్ కలిపారు, ట్రాన్స్ కొవ్వు కలిపారు. అమెరికాలో ట్రాన్స్ కొవ్వును నిషేధించాక దాని బదులు పామాయిల్ పెట్టి మేతను మార్చారు. ఒక దేశపు ఆహార చట్టం మారితే ప్రపంచంలోని చిట్టెలుకల మెనూ మారిపోయిందంటే, ఈ మేతలు ఎవరి పళ్లేన్ని చూసి వండినవో చెప్పక్కర్లేదు. మన పళ్లెం సంగతి వేరు. 2025లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశవ్యాప్త సర్వే ప్రకారం మనవాళ్లకు శక్తిలో సుమారు 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోంది. దక్షిణాదిలో దానికి అర్థం పాలిష్ పట్టిన తెల్లన్నం. పిండి, చక్కెర 20 శాతమే ఉన్న గుళిక తిన్న జంతువు కాలేయంలో కొవ్వు చాలావరకు తిండిలోని కొవ్వే. మన మనిషిలో అడగాల్సిన ప్రశ్న, ఆ ఉబ్బిన 26 శాతం సంగతి, ఆ బోనులో అసలు ఎదురే కాదు.

ఇక్కడే తార్నాక ఎలుక సొంత గొంతుతో మాట్లాడుతుంది. కూనూరు రోజుల నుంచీ బయటి రక్తం కలవకుండా పెంచుకొస్తున్న విస్టార్ ఎలుకల మందలో 1990ల్లో ఉన్నట్టుండి లావుపాటివి పుట్టడం ఎన్. గిరిధరన్, ఆయన సహచరులు గమనించారు. వాటిని విడిగా కాపాడి వంశంగా నిలబెట్టి, 1996లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. పేరు డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ. వాటికి తోడు, గ్లూకోజ్‌ను తట్టుకోలేని ఇంకో వంశం కూడా ఉంది. లావు ఎలుకకు సంతానం కలగదు. కాబట్టి ఒక లోపభూయిష్టమైన జన్యువును మోస్తూ బయటికి మామూలుగా కనిపించే జంటలను కలుపుతారు. నాలుగింట ఒక పిల్ల లావుది అవుతుంది, ఒకటి సన్నది, రెండు మళ్లీ మోసేవి. పుట్టినప్పుడు తేడా తెలియదు. అయిదో వారం దాటాక లావుది బోను మూలన బంతిలా కూర్చుని కనిపిస్తుంది, కదలిక తక్కువ, మేత గిన్నె దగ్గర మాత్రం ఆగదు. బాగా ఎదిగితే కిలో దాటుతుంది. మామూలు విస్టార్ మగ ఎలుక అర కిలో అటూ ఇటూ తూగుతుందని గుర్తుంచుకుంటే ఆ ఆకారం కళ్లకు కడుతుంది. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, కొలెస్ట్రాల్ ఎక్కువ. ‘చాలు’ అని మెదడుకు కబురు పంపే లెప్టిన్ కూడా దండిగా ఉంటుంది, కానీ మెదడు వినదు. లోపం అయిదో క్రోమోజోమ్ మీద, లెప్టిన్ గ్రాహకం ఉండే ప్రాంతానికి దగ్గరలో ఉందని తర్వాత గుర్తించారు. ఈ ఎలుకకు ఎవరూ పందికొవ్వు పెట్టలేదు. తక్కిన వాటికి పెట్టే మామూలు మేతే. ఆకలికి ముకుతాడు తెగిపోయింది, అంతే.

దీని మీద ఇదే సంస్థలో జరిగిన ఒక ప్రయోగం నా వాదనకు ఆయువుపట్టు. శరీరంలో కార్టిజోల్ లాంటి హార్మోన్లు రక్తంలో ఎంతున్నాయన్నదే కాక, కాలేయంలోనూ కొవ్వు కణజాలంలోనూ అక్కడికక్కడే ఎంత చేతనం అవుతున్నాయన్నది ముఖ్యం. ఆ పని చేసే ఎంజైమ్‌ను అడ్డుకునే మందుల్లో పాతది కార్బెనాక్సొలోన్. మన అతిమధురం వేరులోని పదార్థం నుంచి తయారుచేస్తారు. మూడు నెలల వయసున్న డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ ఎలుకలకు, లావువాటికీ వాటి సన్న తోబుట్టువులకూ, కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల చొప్పున రోజూ చర్మం కింద సూది వేశారు. నాలుగు వారాలు నడిపారు. గుంపుకు ఆరేసి ఎలుకలు. 2012లో ప్రచురించిన ఫలితం ఇది: లావు ఎలుకల్లో ఒంటి కొవ్వు, రక్తపు కొవ్వులు, ఇన్సులిన్ మొండితనం తగ్గాయి, కాలేయంలో పేరుకున్న కొవ్వు కూడా తగ్గింది. అదే మందు, అదే మోతాదు, అదే తల్లి కడుపున పుట్టిన సన్న ఎలుకల్లో మాత్రం ఒంట్లోని కొవ్వు దారుణంగా హరించుకుపోయి, అవి గ్లూకోజ్‌ను తట్టుకోలేని స్థితికి చేరాయి. లావు ఎలుకలను మాత్రమే పెట్టి ప్రయోగం చేసి ఉంటే ఇదొక విజయగాథ. సన్నవాటినే పెట్టి ఉంటే ఇదొక విషం. రెండింటినీ పక్కపక్క బోనుల్లో ఉంచబట్టి, మందు గుణం దాన్ని పుచ్చుకునే ఒంటి స్థితితో ముడిపడి ఉంటుందన్న మూడో సంగతి బయటపడింది. ఆ తర్వాత ఇదే ఎంజైమ్‌ను అడ్డుకునే మరో మందును మనుషుల మీద 12 వారాలు పరీక్షించి 2014లో ప్రకటించినప్పుడు, కాలేయపు కొవ్వు పదిహేడు శాతం దగ్గర్నుంచి పద్నాలుగు దగ్గరికి తగ్గింది. దిక్కు ఎలుక చెప్పిందే, దూరం మాత్రం కాదు.

దూరం దగ్గరే చాలామంది అడ్డం తిరుగుతారు. ఎలుకలో పనిచేసి మనిషిలో తుస్సుమన్న మందుల జాబితా పొడుగ్గానే ఉంది కదా, ఇక ఈ బోనులెందుకు అంటారు. జాబితా నిజమే. పిత్తామ్లాల గ్రాహకాన్ని తట్టిలేపే ఓబెటికోలిక్ ఆమ్లం చిట్టెలుకల కాలేయాల్లో మెరిసింది. కొవ్వు కాలేయపు వాపుకు దాన్ని వాడటానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో ఒప్పుకోలేదు. రోగుల్లో లాభం ఓ మాదిరి, కాలేయానికే దెబ్బ తగిలే ప్రమాదం, పైగా చెడు కొలెస్ట్రాల్ పెరగడం. కానీ ఈ వైఫల్యాన్ని కాస్త నిదానంగా చదవాలి. చిట్టెలుక పిత్తంలో మనకు లేని రకం ఆమ్లాలుంటాయి, అవి నీళ్లలో కలిసిపోయే సాధువులు, కణాన్ని కొరకవు. పెద్ద ఎలుకకైతే పిత్తాశయమే లేదు. మనలో కొలెస్ట్రాల్‌ను మంచి సంచి నుంచి చెడు సంచిలోకి మార్చే ప్రొటీన్ ఈ రెండు జంతువుల్లోనూ లేదు, కాబట్టి చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుందా అని వాటిని అడగడం చేపను చెట్టెక్కమనడమే. ఇవన్నీ మందు పుట్టక ముందే తెలిసిన తేడాలు. ఎలుక అబద్ధం చెప్పలేదు, దానికి తెలియని ప్రశ్న అడిగారు.

ఎదుటి వైపు ఉదాహరణ ఇంకా ఆసక్తికరం, ఎందుకంటే అది నా వాదనను కూడా కాస్త ఇరుకున పెడుతుంది. లెప్టిన్ లేని లావు చిట్టెలుకలకు ఎక్సెండిన్ అనే మందు ఇస్తే కాలేయపు కొవ్వు తగ్గిందని 2006లో అమెరికా పరిశోధకులు చూపించారు. అది పేగు హార్మోన్ జీఎల్‌పీ-1ను అనుకరించే మందు. అదే కుటుంబానికి చెందిన సెమాగ్లూటైడ్‌కు 2025 ఆగస్టులో అమెరికాలో కొవ్వు కాలేయపు వాపు చికిత్సకు అనుమతి దొరికింది. పందొమ్మిదేళ్ల ముందు చిట్టెలుక చెప్పింది ఫలించింది. అయితే అప్పట్లో ఆ మందు కాలేయ కణాన్నే నేరుగా తడుతుందని వివరించారు. కాలేయ కణంలో దాని గ్రాహకం చెప్పుకోదగ్గంత లేదన్నది తర్వాతి అధ్యయనాల్లో ఎక్కువ వాటి తీర్పు. మందు ఆకలిని తగ్గించి, బరువు తగ్గించి, ఆ దారిన కాలేయాన్ని తేలికపరుస్తోంది. అంటే జవాబు సరైంది, చూపిన దారి తప్పు. కారణం పోల్చకుండానే నమూనా ఫలించిందిగా అని ఇక్కడ ఎవరైనా అనవచ్చు. నాకు కనిపించేది దానికి తలకిందులు: ఆ చిట్టెలుక జబ్బుకు కారణం ముకుతాడు లేని ఆకలి, మందు తగిలింది ఆకలి మీదే. స్లైడు చదివినవాళ్లు కాలేయం వైపు చూశారు గానీ, కారణం మొదటి నుంచీ సరిగ్గానే సరిపోలింది.

జంతువుల్ని పూర్తిగా మానేసి మనిషి కణాలతో పెంచిన బుల్లి కాలేయాలు వాడమనే మాట ఇప్పుడు గట్టిగానే వినిపిస్తోంది, అదీ తార్నాక పొరుగునే. హబ్సిగూడ దారిలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) ఆవరణలో జంతువులు లేని నమూనాల కోసం ఒక కేంద్రమే నడుస్తోంది. 2023లో మన దేశపు కొత్త మందుల నియమాలను సవరించి, జంతు పరీక్షల బదులు అలాంటి పద్ధతుల ఫలితాలను ఇవ్వడానికి దారి తెరిచారు. మందు విషమా కాదా అని వడగట్టడానికి అవి ఎలుక కన్నా మేలు కావచ్చు, ఆ మేరకు బోనులు ఖాళీ అయితే సంతోషించాల్సిందే. కానీ ఈ జబ్బు కాలేయంలో మొదలవదు. కొవ్వులో 59 శాతం పంపేది పొట్టచుట్టు, ఎంత తినాలో తేల్చేది మెదడు, చక్కెరను ఏ వేగంతో పీల్చాలో చూసుకునేది పేగు. గిన్నెలో తేలే కాలేయపు ముద్దకు పొట్ట లేదు, ఆకలి లేదు, రాత్రి పదకొండింటికి తినే బిర్యానీ లేదు. మనుషుల్లోనే చూద్దామంటే సూది గుచ్చి తీసే కాలేయపు ముక్క మొత్తం అవయవంలో యాభై వేలో వంతు. పదే పదే గుచ్చనివ్వమని ఎవరినీ అడగలేం, ఇరవై ఏళ్లు ఒకే తిండి తినమనీ అనలేం.

ఇంత తర్జనభర్జన దేనికి, బరువు తగ్గితే పోతుంది కదా అనేది మిగిలిన అభ్యంతరం. దీనికి బలం ఉంది. క్యూబాలో 293 మంది రోగులను ఏడాది పాటు చూసిన అధ్యయనంలో పదో వంతో అంతకన్నా ఎక్కువో బరువు తగ్గినవాళ్లలో 90 శాతం మందికి కాలేయపు వాపు తగ్గిపోయింది. కానీ తగ్గడానికి బరువే లేనివాళ్ల సంగతి? పశ్చిమ బెంగాల్‌లో బీర్భూమ్ పల్లెల్లో 1,911 మందిని పరీక్షించి 2010లో ప్రచురించిన లెక్కలో 8.7 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉంది. వాళ్లలో ముప్పాతిక వంతు మందికి బాడీ మాస్ ఇండెక్స్ 25 లోపే. ఒళ్లొంచి పనిచేసే, బియ్యం తిని బతికే బీద ఊళ్లవి. పందికొవ్వు తిన్న చిట్టెలుక వీళ్ల గురించి ఏం చెబుతుంది? కిలో దాటిన డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ అయినా ఏం చెబుతుంది? తార్నాక ఎలుకను పొగిడిన నోటితోనే ఇది ఒప్పుకోవాలి. అది ఆకలికి ముకుతాడు తెగిన ఒంటికి నమూనా. మన జబ్బులో ఒక భాగానికి, బహుశా నీలి గీత అవతలి కొసకు, సరిపోతుంది.

బీర్భూమ్ మనిషికి నమూనా కావాలంటే బోనులో మార్చాల్సింది వంశం కన్నా ముందు మేత. దీనికి ఆద్యుడు మళ్లీ మెక్‌కారిసనే. కూనూరులో ఆయన ఎలుకలకు ఒక విటమిన్ తీసేసి ఇంకొకటి కలపడంతో ఆగలేదు, భారతదేశంలో ఒక్కో ప్రాంతపు పళ్లేన్ని యథాతథంగా వడ్డించి చూశారు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలున్న సిక్కుల తిండి తిన్నవి అన్నిటికన్నా బాగా ఎదిగాయి. బియ్యం ఎక్కువ, తక్కినవి తక్కువ ఉన్న మద్రాసీ తిండి తిన్నవి అట్టడుగున నిలిచాయి. అప్పటి మద్రాసులో మన కోస్తా, సీమ జిల్లాలూ ఉన్నాయి. ఆయన తూచింది బరువు, చూసింది ఆరోగ్యం. ఇప్పుడు అదే పళ్లేన్ని కాలేయం కోసం వడ్డిస్తే రెండు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది, ఎలుక కాలేయం పిండిని కొవ్వుగా మార్చడంలో మనకన్నా చురుకు, కాబట్టి అక్కడ దొరికే అంకెను మనిషికి అతికించకూడదు, ఒక మేతకూ ఇంకో మేతకూ మధ్య తేడానే చదవాలి. రెండోది ఇంకా ముఖ్యం. అన్నం పాలు పెంచితే పప్పు పాలు తగ్గుతుంది, దాంతో మెథియోనిన్, కోలీన్ కూడా తగ్గుతాయి. అప్పుడు స్లైడు మీద సున్నాలు తేలితే అవి పిండి ఎక్కువై వచ్చినవా, ఎగుమతి సంచులకు సరుకు చాలక నిలిచిపోయినవా? బీర్భూమ్ మనిషిలోనూ అడగాల్సింది సరిగ్గా ఇదే. క్వాషియార్కర్ దారీ, రాయదుర్గం దారీ ఒకే పళ్లెంలో కలిసి ఉండవచ్చు. కోలీన్ తీసేసిన చిట్టెలుకను నేను పైన పక్కకు నెట్టింది ఉద్యోగి కోసం, ఈ మనిషి విషయంలో దాన్ని సగం వెనక్కి పిలవాల్సి వస్తుంది.

కాబట్టి ప్రయోగం ఇలా ఉండాలి. పిండి మోతాదు మార్చకుండా రెండు మేతలు, ఒకదానిలో మామూలు పాలిష్ బియ్యం, ఇంకొకదానిలో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి. సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధకులు కలిసి ఆకుఎండు తెగులును తట్టుకునేలా తయారుచేసి 2008లో విడుదల చేసిన ఈ వరికి, రక్తంలో చక్కెర పెరిగే తీరును చెప్పే గ్లైసిమిక్ ఇండెక్స్ 51 దరిదాపుల్లోనే ఉంది. ఈ రెండింటిలోనూ ప్రతిదానికీ మళ్లీ రెండు రకాలు: కందిపప్పు చాలినంత, కందిపప్పు సగం. బోనుల గది 22 డిగ్రీల ఏసీలో కాకుండా 30 డిగ్రీల దగ్గర ఉండాలి. 22 డిగ్రీలు మనకు హాయి గానీ చిట్టెలుకకు చలి. తిన్నదాంట్లో చాలా భాగం ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికే తగలేస్తుంది. 30 డిగ్రీల్లో ఉంచితే అదే మేతతో జబ్బు ముదురుతుందని 2017లో తేలింది.  మేత రాత్రిపూట పెట్టాలి, ఎలుకలకు అదే పగలు. నాలుగు గుంపుల స్లైడ్లలోనూ బహుశా తెల్లని సున్నాలు ఉంటాయి. పప్పు చాలినంత పడ్డ బోనుల్లో బియ్యం మార్చగానే అవి తగ్గితే ఒక దారి. బియ్యం ఏదైనా పప్పు సగమైన బోనుల్లోనే దట్టంగా ఉంటే ఇంకో దారి. ఆ మేతను కలపడానికి కావలసిన బియ్యం, కంది, వాటిలో ఏ అమైనో ఆమ్లం ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే పట్టికలు, మూడూ తార్నాక చుట్టుపక్కలే ఉన్నాయి.